రేడియేటర్ మూత మీది ఎర్ర గీత

రామచంద్రం తాను చాయ్ తాగకముందే బండికి నీళ్లు తాపేవాడు. అది నిన్న మొన్న అబ్బిన అలవాటు కాదు. పరిగి దగ్గరి పల్లె నుంచి వచ్చి, పద్దెనిమిదో ఏట లారీ మీద క్లీనర్‌గా ఎక్కినప్పుడు ఉస్తాద్ రాజయ్య నేర్పిన మొదటి పాఠం అది. "నీకన్న ముందు దానికి దూపయితదిరా. ముందు దానికి తాపు, ఎనక నువ్వు తాగు" అని ఉస్తాద్ చెప్పాడు. ఒకరోజు మరిచిపోతే ఆ పూటంతా కుర్రాడికి మంచినీళ్లు ఇవ్వలేదు. అలా నేర్చుకున్న పాఠం ఎక్కడికి పోతుంది? లారీ పోయింది, జీపు పోయింది, అంబాసిడర్ పోయింది. చివరికి గచ్చిబౌలిలో కంపెనీ ఉద్యోగులను తిప్పే ట్రావెల్స్‌లో తెల్ల కారుకు డ్రైవరయ్యాడు. బండి మారింది గానీ చేయి మారలేదు. పొద్దున్నే బానెట్ లేపడం, రేడియేటర్ మూత తిప్పడం, సీసాతో ఇన్ని నీళ్లు పోయడం, మూత పెట్టడం. ఆ తర్వాతే చాయ్.

ఈ కాలపు కార్లకు ఆ సేవ అక్కర్లేదు. వాటిలో ఉత్త నీళ్లు పోయరు, కూలెంట్ అని పచ్చటి ద్రవం పోస్తారు. ఇంజన్ వేడిని అదే చల్లారుస్తుంది. మూత బిగించాక నెలల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోవలసిన పని లేదు. ఈ సంగతి రామచంద్రానికి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టినవాడు మెకానిక్ ఓంకార్.

"అరే రామచంద్రం, నీళ్లు పోస్తే కూలెంట్ పల్చగయితదిరా. లోపల తుప్పు పడ్తది. ఆ మూత ముట్టకు, నీకు దండం పెడ్త" అనేవాడు.

"ముట్టను పోరా" అనేవాడు రామచంద్రం. మూడు రోజులు ముట్టేవాడు కాదు. నాలుగో రోజు చేయి దాని దారిన అది పోయేది.

ఓంకార్ అసలైన నానక్‌రామ్‌గూడ మనిషి. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట జొన్నచేలు చూసినవాడు. రెండు ఆఫీసుల ప్రహరీల మధ్య ఎవరి కొలతకూ అందకుండా మిగిలిపోయిన కాస్త జాగాలో రేకుల షెడ్డు వేసుకుని ఇరవై రెండేళ్లు బండ్లు బాగుచేశాడు. షెడ్డుకు బోర్డు లేదు. రావలసినవాళ్లకు దారి తెలుసు కదా, బోర్డెందుకు అనేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను నడుస్తున్న ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఎక్కడ అరిగిందో, ఎక్కడ వదులైందో అలా విని చెప్పేవాడు. మాట తక్కువ మనిషి. బడాయి పోయే మెకానిక్కుల మధ్య ఆ తక్కువ మాటే అతని మీద నమ్మకం పెంచింది. ట్రావెల్స్ ఓనర్ యశ్వంత్‌కు ముప్పై కార్లుంటే, ముప్పై కార్లూ ఆ షెడ్డుకే వచ్చేవి.

ఆ షెడ్డు వెనక సందులోనే రామచంద్రం కిరాయికి ఉండేవాడు. అతని బిడ్డ వర్షిత సగం పెరిగింది షెడ్డులోనే. బడి నుంచి వచ్చి పాత టైరు మీద కూర్చుని హోంవర్క్ రాసుకునేది. ఓంకార్‌కు పిల్లలు లేరు. "మామా" అని ఆ పిల్ల పిలిస్తే ఇంజన్ కింద పడుకున్నవాడు కూడా బయటికి జరిగి వచ్చి పలికేవాడు. పిల్లకు జ్వరమొస్తే రామచంద్రం డ్యూటీలో ఉండగా భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తింది ఓంకారే.

ఏడేళ్లప్పుడు వర్షిత జాతరలో ఎర్ర గోళ్లరంగు కొనుక్కుంది. బడికి గోళ్లరంగేందని తల్లి కనకలక్ష్మి నాలుగు తగిలించబోతే, సీసా తెచ్చి షెడ్డులో మామ దగ్గర దాచింది. దాచిన సంగతి నాలుగు రోజుల్లో మరిచిపోయింది. ఓంకార్ మరిచిపోలేదు. ఆ రంగుకు ఒక పని కనిపెట్టాడు. సర్వీసు పూర్తయిన ప్రతి బండిలో, తాను బిగించిన మూతల మీదుగా ఒక ఎర్ర గీత గీసేవాడు. సీసా అయిపోతే అదే రంగు మళ్లీ కొనేవాడు. మీసాలు మెలితిరిగిన మనిషి దుకాణంలో గోళ్లరంగు అడుగుతుంటే ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. అతనికి పట్టేది కాదు.

రామచంద్రం ఆ గీతను బొట్టు అనుకున్నాడు. అనుకోడా మరి! దసరా వస్తే స్టీరింగుకూ, టైర్లకూ, జాకీకీ, పానాలకూ కూడా బొట్లు పెట్టే మనుషులు. బండి చల్లగా ఉండాలని మెకానిక్ ఒక బొట్టు పెట్టాడనుకోవడంలో వింతేముంది? "ఏందిరా, రేడియేటర్‌కు గూడ బొట్టు పెట్టినవ్? ముత్తైదువా ఏంది అది?" అని ఆటపట్టించేవాడు. ఓంకార్ నవ్వి ఊరుకునేవాడు. అది బొట్టు కాదురా అని అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మాట తక్కువ మనుషులతో వచ్చే చిక్కే ఇది.

రెండేళ్ల కిందట మే నెలలో ఒక సాయంత్రం ఆ తెల్ల కారుకు సర్వీసైంది. ఓంకార్ పాత కూలెంట్ వదిలేసి కొత్తది నింపాడు, మూత బిగించాడు, గీత గీశాడు. తాళం చెవి ఇస్తూ "ఎండలు మండిపోతున్నయ్. ఈసారన్న ముట్టకు" అన్నాడు. రామచంద్రం సరేనన్నాడు.

తెల్లవారి ఏం జరిగిందో రామచంద్రానికి గుర్తు లేదు. అతనికి లేకపోయినా మనం చెప్పుకోవాలి. సీసా నిండా నీళ్లు పట్టుకుని బయటికి వచ్చాడు. డ్యూటీ గంట ముందుకు జరిగిందని సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎక్కడెక్కడ ఎవరిని ఎక్కించుకోవాలో వింటూ, బానెట్ లేపాడు. రేడియేటర్ మూత తిప్పి తీశాడు. లోపల అంచు దాకా పచ్చగా నిండి ఉంది, చుక్క కూడా పట్టదు. మాట్లాడుతూనే మూత మళ్లీ పెట్టాడు. ఆ మూతకు రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టు దగ్గర బిగిసినట్టే అనిపిస్తుంది. ఇంకాస్త అదిమి తిప్పితేనే రెండో మెట్టుకు చేరి నిజంగా బిగుస్తుంది. ఆ పొద్దున చేయి మొదటి మెట్టు దగ్గరే ఆగింది. నిండు సీసాను సీటు పక్కన పెట్టుకుని బయల్దేరాడు. ముప్పై ఆరేళ్లుగా రోజూ చేసే పనిని మనసు లెక్కలోకి తీసుకోదు. నిన్న ఇంటికి తాళం వేసిన క్షణం మనలో ఎంతమందికి గుర్తుంది?

మధ్యాహ్నం ఒంటిగంటకు గచ్చిబౌలిలో జ్యోత్స్న అనే ఉద్యోగిని ఎక్కింది. ఆమెను కోకాపేట ఆఫీసుకు చేర్చాలి. ఎండకు వాడిపోయి ఉందేమో, ఎక్కగానే ఏసీ పెంచమంది. నానక్‌రామ్‌గూడ దాటి సర్వీస్ రోడ్డు ఎక్కేసరికి వేడి చూపే ముల్లు ఎర్రటి చోటికి పోయింది. రామచంద్రం దానివైపు చూడలేదు. నిన్ననే సర్వీసైన బండిలో ఎవరు చూస్తారు?

"డ్రైవర్ గారూ, ముందు నుంచి పొగ వస్తోందండీ!" అని ఆమె అరిచింది.

బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి బుసలు కొట్టింది. కారు రెండుసార్లు ఊగి, రోడ్డు నడిమధ్య ఆగిపోయింది. వెనక హారన్లు మోతెక్కాయి. ఆమె బిక్కచచ్చిపోయి దిగి, కాసేపటికి వేరే బండి దొరకబుచ్చుకుని వెళ్లింది. వెళ్లే ముందు "మీకేం కాలేదు కదండీ?" అని అడిగింది. ఆ చిన్న మాటకే రామచంద్రానికి ఏడుపొచ్చినంత పనైంది.

ఎందుకంటే అతని భయం అతనికుంది. యాభై నాలుగేళ్లు, షుగరు, కళ్లజోడు. డ్రైవర్ తప్పు వల్ల బండి చెడితే మర్నాటి నుంచి రావద్దనడం యశ్వంత్ దగ్గర రివాజు. ఆ ఏడాదే పాతవాళ్లను ఇద్దరిని అలాగే పంపించాడు. ఈ వయసులో బయటికి పోతే ఇంకెవరూ స్టీరింగ్ చేతికివ్వరు. వర్షిత డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఇవన్నీ రోడ్డు మీద నిలబడిన ఆ అరగంటలో అతని తల చుట్టూ తిరిగాయి.

ఫోన్ అందగానే ఓంకార్ స్కూటర్ మీద వచ్చాడు. దగ్గర్లోని చాయ్ బండి అడ్డా నుంచి మల్లయ్య, ఇంకో నలుగురు డ్రైవర్లు వచ్చి మూగారు. ఇంజన్ కాస్త చల్లారేదాకా ఆగి ఓంకార్ వంగి చూశాడు. మూత మొదటి మెట్టు మీద ఉంది. ఎర్ర గీత సగం మూత మీద, సగం రేడియేటర్ మెడ మీద ఉంది. నిన్న సాయంత్రం ఒక్కటిగా ఉన్న ఆ రెండు సగాల మధ్య ఇప్పుడు రెండు వేళ్ల ఎడం ఉంది.

"మూత ముట్టినవారా?" అని మెల్లగా, పక్కవాడికి వినబడకుండా అడిగాడు.

రామచంద్రం ఉలిక్కిపడ్డాడు. "నేనెందుకు ముడ్త? సీసా సూడు, నిండుగున్నది. ఒక్క సుక్క పొయ్యలే."

"పోసినవా అని అడుగుతలేను. తీసినవా?"

అంతలో యశ్వంత్ కారు వచ్చి వెనకే ఆగింది. రామచంద్రం వెనక్కి తిరిగాడు. కారు దిగుతున్న ఓనర్‌కు వినబడేలా, మూగినవాళ్లందరికీ వినబడేలా గొంతు పెంచాడు.

"నా బిడ్డ వర్షిత మీద ఒట్టు! నేను ఆ మూత ముట్టలే!"

అతను అబద్ధమాడలేదు. తన మటుకు తాను నిజమే చెబుతున్నాననుకున్నాడు. నీళ్లు పోయలేదు కనుక మూత తీయలేదనుకున్నాడు.

ఓంకార్ అతని ముఖంలోకి ఒక క్షణం చూశాడు. తర్వాత బానెట్ కిందికి వంగి, మూత మీది ఎర్ర రంగును బొటనవేలి గోరుతో గీకేశాడు. మూత ఇంకా కాలుతూనే ఉంది. చేయి వెనక్కి లాక్కుని మళ్లీ పెట్టాడు. రేడియేటర్ మెడ మీదిది కూడా గీకి, భుజం మీది గుడ్డతో రెండూ తుడిచేశాడు. పక్కనే నిలబడిన రామచంద్రం అది చూశాడు.

"సర్వీస్ చేసి ఒక్క రోజు గాలే. ఎవరిది తప్పు?" అని యశ్వంత్ గద్దించాడు.

"నాదే సార్. మూత సరిగ బిగియ్యలే" అన్నాడు ఓంకార్.

రామచంద్రం అక్కడితో ఊరుకున్నా కథ ఇంకోలా ఉండేది. గండం గడిచిన మనిషికి ఒక్కోసారి ఎక్కడలేని కోపం వస్తుంది. "నీ తప్పు తీసి ముందు నా మీద పెట్టబోయినవ్ గదరా! బిడ్డ మీద ఒట్టేసేసరికి ఒప్పుకున్నవ్. నీ చేతికి బండి ఇచ్చుడు నాదే బుద్ధితక్కువ!" అని అందరి ముందూ అరిచాడు. ఓంకార్ సామాన్లు సంచిలో వేసుకుని స్కూటర్ తోసుకుంటూ వెళ్లిపోయాడు. పోతూ కాలిన బొటనవేలిని నోట్లో పెట్టుకున్నాడు.

ఇంజన్ హెడ్ పాడైంది. కారు పెద్ద వర్క్‌షాపుకు పోయింది, దాని వెనకే యశ్వంత్ కార్లన్నీ అటే పోయాయి. అయినా అంతటితో షెడ్డు మూతబడేది కాదు. మెకానిక్ అన్నాక ఒక తప్పు జరుగుతుంది, డ్రైవర్లు కొన్నాళ్లు గొణిగి మళ్లీ వస్తారు. షెడ్డును ముంచింది రామచంద్రం నోరు. కడుపు మంటతో అడ్డా అడ్డాకూ తిరిగి అదే చెప్పాడు. "నా కండ్లార సూసిన. తన చేతితోని పెట్టిన బొట్టు తనే తుడిచిండు. తప్పు చెయ్యనోడు ఎందుకు తుడుస్తడు?" తల వంచి, గోరుతో గీకినట్టు చేసి మరీ చూపించేవాడు. నిజమే, తప్పు చెయ్యనోడు ఎందుకు తుడుస్తాడు? ఆ ప్రశ్న అడిగినంత జోరుగా జవాబు వెతికినవాడు ఒక్కడూ లేడు. చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఇలాంటి తీర్పులు మన దగ్గర ఎన్నో అయిపోతాయి.

మాట పుట్టడమే ఆలస్యం, అది పెరిగింది. ఓంకార్‌కు చూపు ఆనడం లేదన్నారు. చేతులు వణుకుతున్నాయన్నారు. పాత సామాను వేసి కొత్తదంటాడన్నారు. ఏడాది తిరిగేసరికి షెడ్డు రేకులు ఊడదీశారు. ఇప్పుడు ఆ జాగాలో ఒక కాఫీ దుకాణానికి వచ్చేవాళ్లు బైకులు పెడుతున్నారు. ఓంకార్ కోకాపేటలో ఒక టవర్ గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడని రామచంద్రానికి తెలిసింది. తెలిసిన రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. అయినా కనకలక్ష్మి అడిగితే "నేనేం జెయ్యాలె? నేను పొమ్మన్ననా?" అన్నాడు. మామను ఒకసారి చూసొద్దామని వర్షిత రెండు మూడుసార్లు అడిగింది. కసురుకున్నాడు. ఆ తర్వాత ఆ పిల్ల అడగడం మానేసింది.

ఈ ఏడాది ఎండలు మొదలయ్యే ముందు కారును సర్వీసుకు ఇచ్చి, రామచంద్రం వర్క్‌షాపులో నిలబడి చూస్తున్నాడు. మహేశ్ అనే మెకానిక్ కూలెంట్ నింపి, మూత బిగించి, జేబులోంచి పసుపురంగు మార్కర్ తీసి మూత మీదుగా ఒక గీత గీశాడు.

రామచంద్రం నవ్వాడు. "మీరు గూడ బొట్టు పెడ్తరా?"

"బొట్టేంది కాకా?" మహేశ్‌కూ నవ్వొచ్చింది. "ఇది గుర్తు. మూత బిగిచ్చినంక గీస్తం. ఎవరన్న తీసి మళ్ల పెడితే ఈ గీత ఉన్నదున్నట్టు కలువది. రేపు బండి ఆగితే, మా తర్వాత ఎవరో ముట్టిండ్రని దీన్నే సూపెడ్తం."

రామచంద్రం ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది. "మరి... ఆ గీతను మెకానిక్కే తుడిచేస్తే?"

"మెకానిక్ ఎందుకు తుడుస్తడు కాకా? ఆయనకున్న సాక్ష్యమే అది. పాగల్‌గాడు గూడ తుడువడు."

రామచంద్రం అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. ఎదురుగా కారులో సీటు పక్కన ఎప్పటిలాగే నీళ్ల సీసా ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఫోన్ మళ్లీ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కున్నట్టయింది. సూపర్‌వైజర్ జ్యోత్స్న పేరు చెబుతున్నాడు, గచ్చిబౌలి అంటున్నాడు. వేళ్ల కింద మూత తిరుగుతోంది. లోపల అంచుదాకా పచ్చగా ఉంది. రెండేళ్లుగా ఎక్కడ దాక్కుందో ఆ పొద్దుటి పచ్చదనం, అంతా ఒక్కసారి కళ్ల ముందుకొచ్చింది. తానే తీశాడు. తానే తీసి, బిడ్డ మీద ఒట్టేసి, స్నేహితుణ్ని నలుగురిలో దొంగను చేశాడు. మహేశ్ పరేషాన్ అయి నీళ్లు తెచ్చిస్తే తాగలేకపోయాడు.

బండి చేతికి రాగానే నేరుగా కోకాపేటకు తోలాడు. టవర్ గేటు ముందు కార్లు వరుసలో ఆగి ఉన్నాయి. ఒక్కో కారునూ ఆపి, కర్రకు బిగించిన గుండ్రటి అద్దాన్ని కిందికి తోసి, వంగి చూస్తున్నాడు ఓంకార్. నీలం యూనిఫాం భుజాల మీద వదులుగా వేలాడుతోంది. చిక్కిపోయాడు. మీసం తెల్లబడింది. ఇరవై రెండేళ్లు బండ్ల కింద పడుకుని చూసిన మనిషి ఇప్పుడు అద్దంలోంచి చూస్తున్నాడు, అదీ బాంబులేమైనా ఉన్నాయేమోనని. రామచంద్రానికి దుఃఖం ఆగలేదు.

వంతు వచ్చింది. ఓంకార్ కారును గుర్తుపట్టాడు, మనిషినీ గుర్తుపట్టాడు. "బానెట్ లేపాలె" అన్నాడు, అందరికీ చెప్పినట్టే. రామచంద్రం దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఓంకార్ బానెట్ ఎత్తి లోపలికి చూశాడు. చూపు మూత మీద ఆగింది.

"గీత సక్కగున్నది. ఇప్పుడు ముడ్తలేవన్నమాట."

"నేనే తీసినరా" అన్నాడు రామచంద్రం. "ఆ పొద్దుగాల ఫోన్ మాట్లాడుకుంట నేనే తీసిన. ఇయ్యాల యాదికొచ్చింది."

"నాకెరుకే."

"ఎరుకైతే ఎందుకు చెప్పలేరా? గీత ఇగో గిట్లున్నదని నలుగుర్ల సూపెట్టకపోతివి! నా మొఖం మీద ఉమ్మియ్యకపోతివి!"

ఓంకార్ అద్దం కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. బొటనవేలి మీద నున్నటి మచ్చ కనబడింది.

"వర్షిత మీద ఒట్టేస్తివి" అన్నాడు. "గీత సూపెడ్తె ఆ ఒట్టు అబద్ధమయితది. పిల్ల మీద అబద్ధపు ఒట్టు. నాతోని గాలేరా."

రామచంద్రం ఆ మచ్చ వైపే చూశాడు. ఎవరి బిడ్డ మీద ఎవరికి ఫికరు! తాను కన్నబిడ్డను అడ్డం పెట్టుకుని అరిచాడు. కననివాడు ఆ పిల్లకు అడ్డం నిలబడి వేలు కాల్చుకున్నాడు.

"నీ షెడ్డు పాయె గదరా" అన్నాడు చివరికి.

"ఒక్క తప్పుకు ఇరవై రెండేండ్ల పేరు పోతదా అనుకున్న." అడ్డా అడ్డాకూ తిరిగింది నువ్వే కదా అని ఓంకార్ అనలేదు. అన్నా బాగుండేదని రామచంద్రానికి అనిపించింది.

"నేను అందరికి చెప్త. ఇయ్యాల్నే పోయి చెప్త."

"వద్దు. ఇన్నొద్దులకు అది గడిసిపాయె. ఒట్టు అట్లనే ఉండనీ." వెనక కారు హారన్ కొట్టింది. ఓంకార్ బానెట్ దించి, వెనకటిలాగే రెండు అరచేతులతో అదిమి మూశాడు. "నడువ్, బండ్లాగినయ్" అన్నాడు. అప్పటికే వెనక కారులోని ఆఫీసరుకు సెల్యూట్ చేస్తూ అద్దం పట్టుకుని అటు నడిచాడు.

ఆ సాయంత్రం రామచంద్రం ఇంట్లో అంతా చెప్పాడు. కనకలక్ష్మి తల పట్టుకుని కూర్చుంది. వర్షిత ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తోంది. అంతా వింది. తర్వాత లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది.

"మామ వద్దన్నడని ఊకుంటవా నాన్నా?" అంది.

"నీ మీద ఒట్టు బిడ్డా..."

"నా మీద వేసిన ఒట్టే గద. నేనే తీసి గట్టు మీద పెడ్తున్న." చిన్నప్పుడు షెడ్డులో ఆడుకుంటూ అనే మాట అది. అప్పుడు నవ్వుతూ అనేది. "నాకేం గాదు. పోయి చెప్పు. అందరికి చెప్పు."

మర్నాడు మధ్యాహ్నం రామచంద్రం నానక్‌రామ్‌గూడ అడ్డాకు పోయాడు. చాయ్ బండి దగ్గర పదిమంది దాకా డ్రైవర్లున్నారు. రెండేళ్లలో చాలామంది మారిపోయారు. పాతవాళ్లలో మల్లయ్య ఒక్కడే కనబడ్డాడు. రామచంద్రం గ్లాసు తీసుకోకుండానే గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట చెప్పాలె. ఓంకార్ గురించి నేను చెప్పింది తప్పు."

"ఏ ఓంకార్?" అన్నాడు అనిల్ అనే కొత్త డ్రైవర్. ఈ మధ్యే వచ్చినవాడు, షెడ్డును చూసి కూడా ఎరగడు.

"గదేరా" అన్నాడు మల్లయ్య. "తన చేతితోని పెట్టిన బొట్టు తనే తుడిచిండు సూడు, ఆ మెకానిక్." తల వంచి, బొటనవేలి గోరుతో గాలిలో గీకి చూపించాడు.

"ఓ, ఆయనా!" అన్నాడు అనిల్. "విన్న విన్న. తప్పు చెయ్యనోడు ఎందుకు తుడుస్తడు?"

రామచంద్రం మల్లయ్య వేలినే చూశాడు. ఓంకార్ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వినడం ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్లలో అతను బాగుచేసిన బండ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. మిగిలింది ఇదొక్కటి. పొల్లు పోకుండా తన మాటలే, చివరికి తన వేలి విరుపుతో సహా.

"గది నిజం గాదు" అన్నాడు. "మూత తీసింది నేను. ఆయన తుడిచింది తన తప్పు గాదు, నా తప్పు. నా బిడ్డ కోసం తుడిచిండు."

ఎవరి ఫోనో మోగింది. ఇద్దరు డ్యూటీ పడిందని లేచి పోయారు. మిగిలినవాళ్లు అతని వైపు అనుమానంగా చూశారు. అనిల్ గ్లాసు కింద పెట్టాడు.

"మరి ఇన్నొద్దులు గట్ల చెప్పింది ఎవరు కాకా?"

"నేనే" అన్నాడు రామచంద్రం. "నేనే చెప్పిన."